ఉంగరపువేలి మీద సరిహద్దు

3 జనవరి 1980

ఈ డైరీ ఒక దస్తావేజు లేఖరి ఇచ్చాడు. కొత్త సంవత్సరమని మా రిజిస్ట్రేషను ఆఫీసులో తలా ఒకటి పంచిపెట్టి వెళ్ళాడు. రోజంతా ఊళ్ళోవాళ్ళ అమ్మకాలూ తాకట్లూ పంపకాలూ వాల్యూముల్లోకి ఎక్కించి ఇంటికొచ్చేవాడికి మళ్ళీ రాత ఏమిటని పక్కన పడేశాను. మూడు రోజులకే తీశాను. ఇంట్లో మాట్లాడడానికి మనిషి లేదు మరి.

లోవలక్ష్మి నాతవరం వెళ్ళి ఇవాళ్టికి ఇరవై నాలుగు రోజులు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి కడుపు పండింది. ఏడో నెల రాగానే మావయ్య వచ్చి పురిటికి తీసుకెళ్ళాడు. మేనమామ కూతురు కనుక పరికిణీలనాటి నుంచీ తెలిసిన మనిషే. ఆ మనిషి లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. నర్సీపట్నంలో బస్సెక్కితే నాతవరం గంట. ప్రతి ఆదివారం వస్తానన్నాను. ఇంతవరకూ తప్పలేదు.

ఒక మంచి సంగతి. ఈమధ్య నా పేజీలు చాలా శుభ్రంగా వస్తున్నాయి. నావి మొదటినుంచీ చెమట చేతులు. చేతికింద బ్లాటింగు లేకపోతే సిరా అలికేసేవాణ్ణి. పెళ్ళిపీటల మీద లోవలక్ష్మి నా చెయ్యి పట్టుకుని, "ఇదేటి బావా, సేపని పట్టుకున్నట్టుంది" అంటే పంతులుగారు మంత్రం ఆపి నవ్వారు. ఇప్పుడు కుడిచేతి వేళ్ళు హాయిగా పొడిగా ఉంటున్నాయి. సబ్ రిజిస్ట్రార్ సోమసుందరంగారు వాల్యూము తిరగేసి, "మూర్తిగారూ, అచ్చు కొట్టినట్టుందండీ" అన్నారు. పదహారేళ్ళ సర్వీసులో ఆయన నోట ఇలాంటి మాట వినడం రెండోసారి.

9 జనవరి

పొడి ఎక్కువైనా చిక్కే. పేజీ తిరగడం లేదు. కాగితం వేలికింద నుంచి జారిపోతోంది. బ్యాంకువాళ్ళలాగ తడి స్పాంజి పెట్టుకున్నాను.

పొద్దున్న లేచేసరికి కుడిచెయ్యి తిమ్మిరిగా ఉంటోంది. విదిలిస్తే పోతుంది. చింతపల్లి కొండల వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా మూడు వేళ్ళు ముందు తెల్లగా పాలిపోయి, తరవాత నీలంగా అవుతున్నాయి. చలి. ఈ ఏడు చలి ఎక్కువగా ఉందని అందరూ అంటున్నారు.

18 జనవరి

ఒక పంపకాల దస్తావేజు సరిచూస్తూ టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. టీ తెచ్చిన మనిషి, "ఏటి బాబూ, పొయ్యి మీంచి దింపిందలాగే పట్టేసినారు" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. చూపుడువేలి మీద బొబ్బ. నాకు తెలియలేదు. చదువుతున్నాను కనుక తెలియలేదు. దస్తావేజులో అంకెలు తప్పుంటే అలాగే మైమరిచిపోతాను.

20 జనవరి

ఆస్పత్రి గోడ మీద కావిరంగు రాత ఏళ్ళ తరబడి ఉంది. రోజూ దాని పక్కనుంచే వెళ్తాను. ఇవాళ నాతవరం బస్సుకని బయల్దేరి, ఆ గోడ దగ్గర ఆగి చదివాను. "స్పర్శ తెలియని, చెమట పట్టని చర్మం కుష్ఠువ్యాధి లక్షణం కావచ్చు. భయపడకండి. ప్రతి మంగళవారం ఉచిత వైద్యం." భయపడకండి అని రాసిన పెయింటరుకి వేళ్ళన్నీ బాగానే ఉండి ఉంటాయి.

బస్సు ఎక్కలేదు. ఇంటికొచ్చేశాను.

మా పెదనాన్న సింగన్న మాకవరపాలెం అవతల జీడితోటలో పాకలో ఉండేవాడు. మా నాన్న మూకుడులో అన్నం పట్టుకెళ్ళి గట్టు మీద పెట్టి, దూరం జరిగి పిలిచేవాడు. పెదనాన్న వేళ్ళు జీడిగింజల రసానికి కాలాయని ఇంట్లో చెప్పేవారు. ఆ రోగం అసలు పేరు ఎవరూ పలకలేదు. ఆయన పోతే పాక తగలబెట్టారు. ఆయనకి ఒక కూతురు ఉండేదట. ఆ పిల్లకి సంబంధం కుదరక, చివరికి ఎటు పోయిందో ఎవరూ చెప్పరు.

నాకు జీడిగింజలతో పని లేదు.

27 జనవరి

తలుపు గడియ వేసుకుని, కళ్ళు మూసుకుని, గుండుసూదితో చూసుకున్నాను. ఆఫీసు అలవాటు పోదు కదా, షెడ్యూలు రాసి పెడుతున్నాను.

కుడిచెయ్యి, అరచెయ్యి నా వైపు, వేళ్ళు ఉత్తరంగా. మెట్ట భూమి హద్దులు: తూర్పు, బొటనవేలి అంచు. ఉత్తరం, వేళ్ళ గోళ్ళు. దక్షిణం, వేళ్ళ మొదళ్ళు, అవతల అరచెయ్యి పల్లం, అక్కడ చెమ్మ ఎప్పటిలాగే ఉంది. పడమర, ఉంగరపువేలి నడిమధ్య. ఆ వేలికి ఒక పక్క పొడి, రెండో పక్క తడి. చిటికెనవేలు పూర్తిగా పల్లం.

ఒకే వేలి మీద ఇలా గట్టు వేసిందెవరో. సర్వే రాయి పాతినట్టుంది.

మంగళవారం క్లినిక్కుకి వెళ్ళొచ్చు. దాని గేటు మా ఆఫీసు వరండాకి ఎదురుగుండా ఉంటుంది. అక్కడ క్యూలో నిలబడినవాడి పేరు సాయంత్రానికి టౌనంతా తెలుస్తుంది. మర్నాడు నా చేతికి వేలిచ్చి ముద్ర వేయించుకునేవాడు ఎవడు? లెప్రసీ ఇనస్పెక్టరు కొండన్న సైకిలు ఎవరింటి ముందైనా ఆగితే, ఆ ఇంటివాళ్ళు అడ్రసు కోసం ఆగాడని నాలుగిళ్ళకి చెప్పుకుంటారు. ఆ సైకిలు బెల్లు వినపడితే నేనీమధ్య సందు మారుతున్నాను.

3 ఫిబ్రవరి

ఆదివారం. నాతవరం వెళ్ళలేదు. జలుబు.

10 ఫిబ్రవరి

జలుబు తగ్గలేదు.

16 ఫిబ్రవరి

గ్రహణం. రోడ్డు మీద కుక్క కూడా లేదు. మధ్యాహ్నం మూడు దాటాక వెలుగు పలచబడి, కోళ్ళు గూళ్ళకి చేరాయి. లోవలక్ష్మి తలుపులు వేసుకుని పడుకుందో లేదో. కడుపుతో ఉన్నమ్మాయి కత్తిపీట ముట్టుకోకూడదని అత్తయ్య చెప్పే ఉంటుంది. ఇది చెప్పిన మాట వినే రకం కాదు. వెళ్ళి పక్కన కూర్చుంటే బాగుండేది. బిడ్డకి గ్రహణం వల్ల ఏమవుతుందో నాకు తెలియదు. నా వల్ల ఏమవుతుందో తెలుసు.

25 ఫిబ్రవరి

ఆడపిల్ల. నిన్న తెల్లవారి పుట్టింది.

తాతబ్బాయి మావయ్య ఆ కబురు చెప్పడానికి తనే ఆఫీసుకి వచ్చాడు. కండువాలో పటికబెల్లం మూటకట్టుకుని, నలుగురిలో నోట్లో పెట్టబోయాడు. నేను వెనక్కి జరిగాను. మూట బల్లమీద పెట్టమన్నాను.

"తల్లీ పిల్లా కులాసా, అల్లుడూ. నీ ముక్కే. నాతో ఇప్పుడే ఒచ్చి సూసుకెల్లు."

"మార్చి వస్తోంది మావయ్యా. ఆఫీసులో తెమలదు."

"మార్చికింకా అయిదు రోజులుంది కదేటి."

నేను వాల్యూములోకి తల దించాను. ఆయన దగ్గరికి వంగి, "ఆడపిల్లయితే ఏటి నాయనా, లచ్చిందేవి" అని మెల్లగా అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కాదని చెప్పాలని నోరు తెరిచాను. కాకపోతే మరేమిటి అని అడుగుతాడు. నోరు మూసుకున్నాను. పటికబెల్లం మిగతావాళ్ళకి పంచి వెళ్ళిపోయాడు.

నాకు కూతురు పుట్టింది. నాకు కూతురు పుట్టింది. ఎంత ఉంటుందో. చేతులు ఎలా ఉన్నాయో అడగనైనా అడగలేదు.

6 మార్చి

రిజిస్ట్రేషనుకి వచ్చిన పార్టీల ఎడమ బొటనవేలు పట్టుకుని, ఇంకు పలక మీద దొర్లించి, రిజిస్టరులో వత్తించడం నా పనే. పదిహేను రోజులుగా "మీరే వత్తండి" అంటున్నాను. మొన్న రాజులమ్మ అనే ముసలామె అయిదు సెంట్లు అమ్ముకుంటూ వేలు నా వైపు చాపి అలాగే కూర్చుంది. నేను పట్టుకోలేదు. ఆమె ముద్ర నల్లటి మచ్చలా పడింది. సోమసుందరంగారు కేకలేశారు. "చేత్తో పట్టుకు వేయించడానికి మీకేం నామోషీయా?" అన్నారు. అవునండీ అన్నాను.

12 మార్చి

లోవలక్ష్మి ఇన్‌లాండు లెటరు. శనివారం బారసాల, తండ్రి వచ్చి బియ్యంలో పేరు రాయాలి కదా, ఏం పేరనుకున్నావు, బేగి రా అని. అక్షరాలు కిందికి జారిపోయి ఉన్నాయి, పడుకుని రాసినట్టుంది.

మా అమ్మ పేరు నూకరత్నం, అది పెట్టమని రెండు లైన్లు రాశాను. లెటరు మడిచి, పెరట్లో ఎండలో గంటసేపు పెట్టి పోస్టు చేశాను. ఎండలో పెడితే జిగురు గట్టిగా అంటుకుంటుంది.

15 మార్చి

ఈపాటికి అయిపోయి ఉంటుంది. మావయ్యే రాసి ఉంటాడు. ఆయనకి సంతకం తప్ప రాదు. ఎవరు రాశారో.

పళ్ళెంలో బియ్యం పోసి నేనిక్కడ రాశాను. నూకరత్నం. చూపుడువేలితో. బియ్యం మీద రాస్తున్నానో బల్లమీద రాస్తున్నానో వేలికి తెలియలేదు, కళ్ళతో చూసి రాయాల్సి వచ్చింది. నా దస్తూరీ బాగుంటుందని ఊరంతా అంటుంది. సున్న వంకరపోయింది. ఆ బియ్యం వండుకోబుద్ధి కాలేదు. చెరపబుద్ధీ కాలేదు.

31 మార్చి

పని ఒత్తిడి.

8 ఏప్రిల్

లోవలక్ష్మి లెటరు. మొత్తం ఇక్కడ ఎక్కిస్తున్నాను. కాపీలు రాసే ఉద్యోగం కదా.

"బావకి, నేను క్షేమం. పాప క్షేమం. పాప కుడి చెంప మీద నీకున్నట్టే సొట్ట ఉంది. అమ్మ అడిగితే నీకు ఆఫీసులో పని ఎక్కువని చెప్తున్నాను. ఊళ్ళో ఆడపిల్లని రాలేదంటున్నారు. నేను వాళ్ళతో దెబ్బలాడుతున్నాను. నువ్వొకసారి వచ్చి కనపడితే నాకు దెబ్బలాట తప్పుతుంది. ఉత్తరాలు కూడా రెండు ముక్కలే రాస్తున్నావు. నా వల్ల ఏదైనా తప్పుంటే రాయి."

జవాబు నాలుగు సార్లు రాశాను. మొదటిదాంట్లో అంతా చెప్పేశాను. రెండోదాంట్లో సగం చెప్పాను. పోస్టు చేసినది ఇది: "ఆఫీసులో ఆడిట్. వీలు చూసుకుని వస్తాను. ఆరోగ్యం జాగ్రత్త." మిగతా మూడూ పొయ్యిలో పెట్టాను.

దాని మంచికే. నా మీద కోపం వస్తే దూరంగా ఉంటుంది. దూరంగా ఉంటే పిల్ల బాగుంటుంది. లెక్క సరిపోయింది.

9 ఏప్రిల్

సరిపోలేదు. పొద్దుటినుంచీ ఆ చెంప మీద సొట్టే కళ్ళముందు.

20 ఏప్రిల్

నాతవరం వెళ్ళాను.

దూరంనుంచి చూసి వచ్చేద్దామని వెళ్ళాను. బస్సు దిగి సోడాబండి వెనక నిలబడితే మావయ్య ఇంటి పెరడు కనబడుతుంది. అరగంట నిలబడ్డాను. లోవలక్ష్మి బయటికి వచ్చి తాడు మీద పిల్ల గుడ్డలు ఆరేసింది. చిన్న చిన్న గుడ్డలు, మా పాత పంచెలు చింపి చేసినవి. జుట్టు ముడి వేసుకుంది. చిక్కింది. ఒక గుడ్డ కిందపడితే వంగి తీసుకుంటూ నడుం మీద చెయ్యి వేసుకుంది. లోపల పిల్ల ఏడిచింది. లోవలక్ష్మి, "ఒచ్చీసినానమ్మా, ఒచ్చీసినాను" అంటూ పరిగెత్తింది. పిల్లని చూడలేదు. ఏడుపు విన్నాను. గొంతు గట్టిది.

సోడాబండి ఆయన, "ఎవరింటికండీ?" అన్నాడు. ఎవరింటికీ కాదన్నాను. వచ్చిన బస్సులోనే తిరిగి ఎక్కాను.

ఆ పిల్ల ఏడుపు వినడానికి మళ్ళీ వెళ్తానేమోనని భయంగా ఉంది. లోవలక్ష్మి మెడ దగ్గర మొహం పెట్టుకుని ఒక్క నిద్ర పోవాలని ఉంది. ఇంకేమీ వద్దు.

4 మే

చెయ్యి తిమ్మిరి.

5 మే

చెయ్యి తిమ్మిరి. ఎండ మండిపోతోంది, అందరి కాగితాలూ చెమటకి తడుస్తున్నాయి, నా మూడు వేళ్ళు మాత్రం పొడి.

27 మే

ఇవాళ జరిగినది జరిగినట్టు రాయాలి.

లెప్రసీ ఇనస్పెక్టరు కొండన్న ఇళ్ళస్థలం కొనుక్కున్నాడు. రిజిస్టరయిన దస్తావేజు తీసుకోవడానికి మధ్యాహ్నం నా బల్ల దగ్గరికే వచ్చాడు. పారిపోవడానికి సందు లేదు. కాగితం రూళ్ళకర్రతో అతని వైపు తోశాను. రిజిస్టరు పేజీ పెన్సిలు మొనతో తిప్పి, ఇక్కడ సంతకం అన్నాను. అతను సంతకం పెట్టి, వెళ్ళకుండా నా చేతి వైపే చూస్తున్నాడు.

"మూర్తిగారూ, పేజీ సేత్తో తిప్పరేటి?"

"అలవాటు."

"ఆ యేలిమీద కాలిన మచ్చ ఎప్పటిది?"

చెయ్యి బల్ల కిందికి దించాను. అతను గొంతు తగ్గించాడు. "అయిదు దాటాక ఎనక వరండాలోకి రండి. ఎవరూ ఉండరు. ఎవరేనా అడిగితే నా స్థలం అద్దుల గురించి మాటాడతన్నామని సెప్పండి."

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు, నాలుగు నెలలుగా దాక్కుని విసిగిపోయి ఉంటాను. కొండన్న జేబులోంచి కోడి ఈక తీశాడు. కళ్ళు మూసుకోమన్నాడు. ముట్టుకున్నచోట వేలు పెట్టి చూపించమన్నాడు. తరవాత నా మోచెయ్యి మడిచి, లోపలి ఎముక వెనక వేళ్ళతో వెతికాడు. చెవుల కిందా, మోకాళ్ళ పక్కనా కూడా తడిమి చూశాడు. చొక్కా విప్పించి వీపు చూశాడు. ఒక మనిషి నన్ను ముట్టుకుని ఎన్ని నెలలైందో అప్పుడు తెలిసింది. కళ్ళు తెరవడానికి కాస్త టైము పట్టింది.

"మా రోగం ఎక్కువమందికి సిటికెనయేలి వైపు మొదలవుద్దండి. మోసేతికాడ నరం తాడులాగ దొరుకుద్ది. మీకు మామూలుగుంది. మచ్చల్లేవు. అరసెయ్యి బాగానే ఉంది, యేళ్ళకే పోనాది, అదీ ఉంగరం యేలు సగానికే." అలా అంటూ నా మణికట్టు మీద రెండు వేళ్ళతో టపటపా కొట్టాడు. కరెంటు తీగ ముట్టుకున్నట్టు మూడు వేళ్ళూ జివ్వుమన్నాయి. చెయ్యి లాగేసుకున్నాను.

కొండన్న నవ్వాడు. "ఇది మా రోగం కాదండి మూర్తిగారూ. నరం ఇక్కడ నొక్కుడు పడతంది. విశాపట్నంలో నరాల డాక్టరుగారికి కాయితం రాసిస్తాను, ఎల్లండి."

నేను అరుగు మీద కూర్చున్నాను. లోవలక్ష్మి సంగతీ పిల్ల సంగతీ అన్నీ అతనికి చెప్పేశాను. అతను ఈక జేబులో పెట్టుకుంటూ విన్నాడు.

"మంగళారం ఒచ్చుంటే అయిదు నిమిషాల పనండి ఇది. ఒకేళ మా రోగమే అనుకోండి. మాత్రలు మింగతా పిల్లల్నెత్తుకుని కాపరాలు సేసుకుంటన్నోళ్ళు ఈ టవున్లో ఎంతమందో మీకు తెల్దు. మీకు వరసగా దణ్ణాలెట్టేవోళ్ళలోనే ఉన్నారు."

సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

11 జూన్

విశాఖపట్నం. డాక్టరుగారు కొండన్న కాగితం చదివి, "ఈయనెవరో బాగా చూశారే" అన్నారు. నా చేతికి అయోడిన్ పూసి, ఆరాక మీద గంజిపొడి జల్లి, వేడి టీ తాగించి, కిటికీలు మూసిన గదిలో కూర్చోబెట్టారు. చెమట పట్టినచోట పొడి నల్లబడుతుందట. కాసేపటికి చిటికెనవేలు నల్లబడింది. ఉంగరపువేలు సరిగ్గా సగం నల్లబడింది. అరచెయ్యి చుక్కలు చుక్కలుగా నల్లబడింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు పసుపుపచ్చగా అలాగే ఉన్నాయి. జనవరిలో నేను రాసుకున్న షెడ్యూలు తప్పు కాదు. హద్దులన్నీ సరిగ్గా ఉన్నాయి, యజమాని పేరే తప్పు రాశాను.

"మణికట్టు దగ్గర ఒక ఇరుకు దారిలోంచి ఈ నరం వేళ్ళకి వెళ్తుంది" అన్నారు డాక్టరుగారు. "దాంట్లో స్పర్శ తీగలే కాదు, చెమట పట్టించేవీ, రక్తనాళాల్ని బిగించి వదిలేవీ సన్న తీగలు ఉంటాయి. నరం నలిగితే అవీ నలుగుతాయి. అందుకే మీ వేళ్ళు ఎండిపోతున్నాయి, చలికి రంగు మారుతున్నాయి. తిమ్మిరి అని అందరూ చెప్తారు గానీ చెమట సంగతి ఎవరూ చెప్పరు. మీరేం పని చేస్తారు?"

పదహారేళ్ళుగా రోజుకి ఏడు గంటలు మణికట్టు బల్ల అంచుకి ఆనించి కాపీలు రాస్తున్నానని చెప్పాను. అది కూడా దీన్ని పెంచి ఉంటుందన్నారు. అడ్డుగా ఉన్న పట్టీ కోసి నరాన్ని వదులు చేస్తారట. తిమ్మిరి త్వరగా తగ్గుతుంది, చెమట ఎప్పటికి వస్తుందో, పూర్తిగా వస్తుందో రాదో చెప్పలేనన్నారు. జూలై పద్దెనిమిదిన రమ్మన్నారు.

"ఇది అంటుకుంటుందా అండీ?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూసి, లేదన్నారు. ఇంకోసారి అడిగాను. ఇంకోసారి లేదన్నారు.

29 జూన్

తిరిగొచ్చాక రెండు ఆదివారాలు బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఇప్పుడు అడ్డం రోగం కాదు, మొహం చెల్లకపోవడం. ఇవాళ ఎక్కాను.

అత్తయ్య అప్పయమ్మ గుమ్మంలో నన్ను చూసి, "ఒచ్చినావా" అని, మంచినీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టి లోపలికి పోయింది. చేతికివ్వలేదు. ఆవిడకి నా రోగం సంగతి తెలియదు, కోపంతో పెట్టింది. పెదనాన్నకి అన్నం పెట్టినట్టే అనిపించి, తాగాను.

లోవలక్ష్మి వచ్చి స్తంభాన్ని పట్టుకుని నిలబడింది. మొదటినుంచీ చివరిదాకా చెప్పాను. బొబ్బ, గోడ మీద రాత, జీడితోటలో పెదనాన్న పాక, గుండుసూది, కొండన్న, గంజిపొడి. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు.

చెప్పడం అయ్యాక అంది. "ఏప్రిల్ల ఒచ్చి, బస్సు దిగి, మల్లీ ఎక్కీసి ఎల్లిపోనావంట. సోడాబండాయన సెప్పినాడు. ఆయన్ని అబద్దాలాడకని తిట్టినాను."

"నేనే. గుడ్డలారేస్తుంటే చూశాను."

"ఆడపిల్లని రానేదని అందరూ అన్నారు. నేను నమ్మనేదు. మొన్నమొన్నటిదాకా నమ్మనేదు. తర్వాతింక ఓపిక నేక నమ్మడం మొదలెట్టినాను. నమ్మినాక నిద్ర పట్టింది బావా. ఇప్పుడొచ్చి అదీ కాదంటన్నావు."

లోపలికి వెళ్ళి పిల్లని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. సొట్ట ఉంది. కుడి చెంప మీదే. మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తుకున్నాను. మూడు వేళ్ళకీ ఏమీ తెలియలేదు. చిటికెనవేలికి మాత్రం మెడ మడతలో చెమ్మ తగిలింది, వేడిగా. నేను ఏడ్చాను. పిల్ల నా మొహం చూసి అది కూడా మొదలెట్టింది.

లోవలక్ష్మి పిల్లని తీసుకుని భుజాన వేసుకుంది. "ఒకటి సెప్పు బావా. నువ్వు ఆ రోగమనుకుని మమ్మల్ని తప్పించీసినావు. రేపు నిజంగా నాకే ఒస్తే నన్నేటి సేద్దువు? ఏ తోటలో పెడదువు?"

ఆమె ఎదురు చూసింది. కావాలనే ఎదురు చూసింది.

"బస్సుకి టయిమయింది, ఎల్లు" అంది.

6 జూలై

నీకొస్తే నీ పక్కనే ఉంటానని లెటరు రాశాను. చదువుకుని చింపేశాను. నాకొచ్చిందనుకున్నప్పుడు నేనేం చేశానో చూసిన మనిషికి ఆ మాట ఎందుకు?

ఇంకోటి రాశాను. "పద్దెనిమిదో తేదీ విశాఖపట్నంలో నా చెయ్యి కోస్తారు. పదిహేడున పొద్దున్న బస్సుకి బయల్దేరుతున్నాను. నాకు భయంగా ఉంది. నువ్వు రా." పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో దానికి నేను భయంగా ఉందని చెప్పడం ఇదే మొదలు. ఎండలో పెట్టలేదు. నేరుగా డబ్బాలో వేశాను.

12 జూలై

జవాబు లేదు.

15 జూలై

లేదు.

16 జూలై

రేపు ప్రయాణం. సంచిలో ఒక్కడి బట్టలు సర్దాను. రాదు. రాకపోతే తప్పు లేదు, నేనూ అయిదు నెలలు రాలేదు.

24 జూలై

ఇది లోవలక్ష్మి రాస్తున్నది. బావ చెయ్యి కట్టు విప్పలేదు. తను చెప్తుంటే రాయమన్నాడు. నాది ఏడో క్లాసు దస్తూరీ, తప్పులుంటే ఉంటాయి.

బావ చెప్పినవి: పద్దెనిమిదిన ఆపరేషను అయింది. పదిహేడున నర్సీపట్నం బస్టాండులో లోవలక్ష్మి పిల్లతోనూ ట్రంకుపెట్టెతోనూ నిలబడి ఉంది. ఇప్పుడు తిమ్మిరి తగ్గింది. చెమట ఇంకా పట్టలేదు. డాక్టరుగారు నెలలు పడుతుంది అన్నారు. ఆఫీసులో బల్ల ఎత్తు మారుస్తామని సోమసుందరంగారు కబురు చేశారు. లోవలక్ష్మి వచ్చినందుకు

ఇక్కడ ఆపమన్నాను. అది నోటితో చెప్పు, నాతో రాయించకు అన్నాను. చెప్పాడు.

ఇంక ఇవి నావి. వెనక పేజీలు చూడొద్దన్నాడు. మొత్తం చూశాను. మార్చి పదిహేనోది రెండుసార్లు చూశాను. బారసాలనాడు పేరు రాసింది నేనే. నాన్నకి రాదు, తండ్రి లేడు, నాకివ్వండి అని పళ్ళెం లాక్కుని రాశాను. ఆ సంగతి బావకి ఇందాకే చెప్పాను.

నాకు కోపం పోలేదు. ఉత్తరం వచ్చిన రోజు పెట్టె సర్దాను, మర్నాడు విప్పీసాను, మళ్ళీ సర్దాను. భయంగా ఉంది అని రాసిన ముక్క లేకపోతే వచ్చేదాన్ని కాదు. కోపం ఎప్పటికి పోతుందో నాకు తెలీదు. బావని అడగొద్దన్నాను, సరే అన్నాడు.

పాప బావ ఎడమ చెయ్యి మీద నిద్దరోతంది. గంటయింది. చెయ్యి తిమ్మిరెక్కిపోయిందంట. పాపని ఇలాగియ్యి, పక్కమీద పడుకోబెడతానంటే, ఉండనీ అంటన్నాడు.